పన్నెండు అంగుళాల నా బతుకు

నా పళ్ళకు ఈ వంపు నేర్పింది ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో జో కాక్స్ అనే కలప కూలీ వంటచెరకు కొడుతూ, ఒక మొద్దులో చూపుడు వేలంత లావున్న పెంకుపురుగు పిల్ల మానును తొలుచుకుంటూ పోవడం చూశాడు. నిలువు పోగా, అడ్డ పోగా అని చూడకుండా అది దవడలను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ తిప్పుతూ తినేస్తోంది. అప్పటిదాకా నాలాంటి రంపం మిషన్ల చైన్లకు ఉన్నవి చేతిరంపం మాదిరి పళ్ళే. మానును గీరడమే తప్ప చెక్కడం వాటికి తెలియదు, మాటిమాటికీ పదును పెట్టాల్సి వచ్చేది. కాక్స్ ఆ పురుగు దవడలను ఉక్కులోకి తెచ్చాడు. కుడికి వంగిన పన్ను ఒకటి, ఎడమకు వంగిన పన్ను ఒకటి. 1947లో పోర్ట్‌లాండ్‌లో ఇంటి నేలమాళిగలో పుట్టిన ఆ చైను, కొద్దిపాటి మార్పులతో, ఇప్పుడు నా బారు అనే ఉక్కు పట్టీ చుట్టూ తిరుగుతోంది.

నా ముందుతరం వాళ్ళు ఇంత తేలిక కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో ఒక కరెంటు రంపం చేశాడు. మూడేళ్ళ తర్వాత వచ్చిన పెట్రోలు రంపం 46 కిలోలు. ఇద్దరు మనుషులు చెరో చివరా పట్టుకుంటే తప్ప పని జరిగేది కాదు. నాకున్నది 30 సీసీ ఇంజను, 12 అంగుళాల బారు. బారు, చైను, పెట్రోలు, ఆయిలు అన్నీ కలిపినా ఐదు కిలోల లోపే. నేను కోనసీమలోని ఐనవిల్లి చేరడానికి ఆ తేలికదనమే కారణం.

2025 వేసవిలో అమలాపురంలో ఒక వ్యవసాయ పనిముట్ల దుకాణంలో గూట్లో ఉన్నాను. మావాళ్ళు వచ్చారు, కోడలూ మావయ్యగారూ. కొడుకు కువైట్‌లో ఉంటాడు. వృద్ధ గౌతమి గట్టు వైపున్న కొబ్బరితోట, అందులో అంతరపంటగా వేసిన కోకో, అరటి అన్నీ కోడలే చూసుకుంటుంది. పెద్దాయన చూపు మొదట నా పక్కవాడి మీద పడింది. 58 సీసీ, 22 అంగుళాల బారు, ధర నాకంటే తక్కువే.

"ఇదే తీసుకుందామమ్మా. 96 తుపానుకి గొడ్డళ్ళతో కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కిపోయాయి. మళ్ళీ అలాంటిదొస్తే ఈ చిన్నదేం సరిపోతుంది?" అన్నాడాయన. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన ఆ గాలిని ఆ వయసువాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆయన మాటలో ఉన్న భయం నిజమైనది.

"పట్టుకునేది నేను కదండీ మావయ్యగారూ," అంది కోడలు.

పెద్ద మిషనును రెండు చేతులా అందుకుని నడుం ఎత్తున ముందుకు చాచి నిలబడింది. కాసేపటికే దాని ముక్కు నేల వైపు దిగిపోయింది. అన్నీ నింపాక అది ఏడు కిలోల దాకా తూగుతుంది. పైగా బారు పొడుగు కావడంతో బరువంతా ముందుకు లాగుతుంది. తర్వాత నన్ను అందుకుంది. నా ముక్కు నిలిచింది. కొట్లో ఒకసారి ఎత్తినప్పుడు తేడా రెండు కిలోలే అనిపిస్తుంది గానీ, తడినేల మీద నిలబడి మధ్యాహ్నం దాకా కోశాక ఆ రెండు కిలోలే చేతిని వణికిస్తాయి. ప్రమాదాలు జరిగేది కూడా అప్పుడే.

దుకాణదారు మంచి ప్రశ్నే అడిగాడు. "ఏం కోస్తారండీ? ఏడాదిలో ఎన్నిసార్లు తీస్తారండీ?"

పడిపోయిన కొబ్బరిమాను, విరిగిన మామిడికొమ్మ, గట్టు మీది సరుగుడు. ఏడాదిలో నాలుగైదు మార్లు, తుపానొస్తే ఇంకొంచెం ఎక్కువ. ముదురు కొబ్బరిమాను నడుము 25 నుంచి 30 సెంటీమీటర్ల లావుంటుంది. నా బారు 30 సెంటీమీటర్లు. మొదలు దగ్గర లావెక్కువైతే ఇటునుంచి సగం, అటునుంచి సగం కోస్తే సరి. 22 అంగుళాల బారుకు ఆ తోటలో పనే లేదు.

ఇక బ్యాటరీ రంపాలు. ఆరంగుళాల బుల్లి రంపం నుంచి నా అంత పొడుగు బారున్న వాటి దాకా ఉన్నాయి. తాడు లాగక్కర్లేదు, పొగ రాదు, నెలల తరబడి మూల పడేసినా మీట నొక్కితే తిరుగుతాయి. అమలాపురంలో ఇంటి వెనక నాలుగు చెట్లున్నవాళ్ళు నిస్సందేహంగా అదే కొనుక్కోవాలి. కోడలూ దాన్ని తిప్పి తిప్పి చూసి, "తుపాను వెళ్ళిన మర్నాడు మా ఊళ్ళో కరెంటు ఎక్కడుంటుందండీ, దీనికి ఛార్జింగ్ పెట్టడానికి?" అంది. ఆ ఒక్క మాటతో నేను గూట్లోంచి దిగాను.

ఇంటికి తీసుకెళ్ళే ముందు సిద్ధి వినాయకుడి గుడి దగ్గర ఆగారు. పిల్లల పరీక్షల ముందు కలాలకు పూజ జరిగే గుడి అది. నా హ్యాండిల్‌కు కూడా పసుపూ కుంకుమా పెట్టారు. విఘ్నాలు తొలగించే స్వామి చల్లగా చూడకపోతే నాలాంటి పదునైన వస్తువుతో బతకడం కష్టమని నేనూ నమ్ముతాను.

కొబ్బరిమాను మిగతా చెట్లలా ఉండదు. దానికి వలయాలుండవు. బయటి పొర ఘనమీటరుకు 600 కిలోలకు పైబడిన గట్టిదనం, నడుమ 400 కిలోలకు లోపు మెత్తదనం. వేపకొమ్మ కోస్తే పెళుసు ముక్కలు రాలతాయి, కొబ్బరి కోస్తే పొడుగాటి పీచు వచ్చి నా పక్కమూత లోపల చుట్టుకుంటుంది. మధ్యమధ్యలో ఇంజను ఆపి, మూత విప్పి, ఆ పీచు లాగిపారేయాలి. పళ్ళు తొందరగా మొద్దుబారతాయి. పొట్టు రేకులుగా రాలినంతసేపూ నేను పదునుగా ఉన్నట్టు, పిండిలా రాలితే ఆకురాయి అడుగుతున్నట్టు. నా చైనుకు కావలసింది 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. 30 డిగ్రీల వాలులో ముందుకే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి, అన్ని పళ్ళకూ సమానంగా పెట్టాలి. ఒకవైపు పళ్ళు అరిగి పొట్టివైతే కోత వంకర పోతుంది. కోడలు ఇది నేర్చుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అరుగు మీద కూర్చుని, మొదటి పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని మొదలుపెడుతుంది.

ఆ ఏడాది అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లవారేసరికి తోటలో ఒక చెట్టు పంటబోదెకు అడ్డంగా పడి ఉంది. మొదలు ఈ గట్టు మీద, తల ఆ గట్టు మీద, నడుము గాల్లో. ఇలాంటి మానును పైనుంచి తిన్నగా కోసుకుపోతే సగం దాటేసరికి కోత మూసుకుపోయి బారు ఇరుక్కుంటుంది. పై భాగం నొక్కుడులో, కింది భాగం లాగుడులో ఉంటాయి కాబట్టి. కోడలు భర్త పాత ప్యాంటు తొడిగి, కళ్ళద్దాలు పెట్టి, బూట్లు వేసుకుని వచ్చింది. కొంగు, లుంగీ, చున్నీ నా దగ్గరికి రాకూడదు. ముందు పైనుంచి మూడోవంతు కోసింది. తర్వాత నన్ను కిందికి తిప్పి బారు పై అంచుతో మెల్లగా పైకి కోసుకొచ్చింది. అలా కోసేటప్పుడు చైను నన్ను మనిషి వైపే నెడుతుంది. ఆమె ఎడమచెయ్యి బిగించి ఆపింది. రెండు కోతలూ కలిసే వేళకు మాను చిన్నగా కిర్రుమంది. ఆమె పక్కకు జరిగింది. రెండు ముక్కలూ బోదెలోకి దిగాయి, నీళ్ళు కదిలాయి.

అలా పడిన మాన్లను తోటలోనే వదిలేస్తే వచ్చే ముప్పు చాలామందికి పట్టదు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది కుళ్ళుతున్న కొబ్బరిమానులోనూ పెంటకుప్పలోనూ. ఆ పిల్లలే పెద్దవై, నిలబడిన చెట్ల మొవ్వల్లో దూరి తొలిచేస్తాయి. తుపాను నుంచి తప్పించుకున్న చెట్టును ఏడాది తర్వాత పురుగు తినేస్తే ఆ రైతుకు రెండుసార్లు నష్టం. అందుకే ముక్కలు చేసి తోట బయటికి చేర్చాలి. పురుగు దగ్గర నేర్చుకున్న పళ్ళతో పురుగు ఇల్లు పడగొట్టడం నా బతుకులో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని. మొదలు దగ్గర గోధుమరంగు బంక కారే గానోడెర్మా తెగులు చెట్టు విషయంలోనూ అంతే. మానును నేను ముక్కలు చేస్తాను గానీ, మొదలు వేళ్ళతో సహా గునపంతో తవ్వి తీసి కాల్చాలి. నన్ను మట్టిలో పెట్టకండి, పదును మొత్తం పోతుంది. ఈ తెగుళ్ళ మీద సలహాకు పక్కనే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది.

నిలబడిన చెట్టును కూల్చడం నాకు అప్పజెప్పకండి. ఇళ్ళ మధ్య కొబ్బరి చెట్టయితే దింపు తెలిసినవాడు ఎక్కి, తాడు కట్టి, తల ముందు దించి, ముక్క ముక్కగా తీయాలి. కరెంటు తీగ మీద వాలిన చెట్టు దగ్గరికి లైన్‌మన్ వచ్చి తీగ ఆపేదాకా వెళ్ళొద్దు. నా బారు ముక్కు పై మూల దేనికైనా తగిలితే నేను రెప్పపాటులో మనిషి ముఖం మీదికి ఎగురుతాను. బరువు తక్కువని ప్రమాదం తక్కువ కాదు. ముందున్న చైను బ్రేకు పనిచేస్తోందో లేదో చూశాకే మొదలుపెట్టాలి. భుజం ఎత్తు దాటి కోయకూడదు, నిచ్చెనెక్కి కోయకూడదు.

నాకు తాగడానికి ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. లీటరుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు కలపాలి. కొన్ని మిషన్లకు 40 కావాలి, ఎవరి పుస్తకం వాళ్ళు చూసుకోవాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోదావరి గట్టున గాలంతా తేమే. ట్యాంకులో నెలలకొద్దీ వదిలేస్తే కార్బొరేటరు జిగురు పట్టి, అవసరమైన రోజున తాడు ఎంత లాగినా ఇంజను అందుకోదు. అప్పుడప్పుడు వాడే మిషన్లలో ఎక్కువ భాగం పాడయ్యేది కోతల వల్ల కాదు, ఖాళీగా పడి ఉండటం వల్లే. మా ఇంట్లో పని కాగానే ట్యాంకు వంచేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా తిప్పి, బారుకు తొడుగు వేసి, అటకెక్కిస్తారు. దసరాకి దించి, ఆయుధ పూజ చేసి, ఒకసారి తిప్పి చూస్తారు. తుపాన్ల కాలం మొదలయ్యే ముందు అంతకు మించిన పరీక్ష లేదు.

గోదావరి పెరిగి ఎదురుబిడియం కాజ్‌వే మునిగినప్పుడు నన్ను సంచిలో పెట్టుకుని పడవ మీద ఐనవిల్లిలంక కూడా తీసుకెళ్ళారు, బంధువుల పశువులపాక మీద కొమ్మ పడిందని. ఆ 22 అంగుళాల వాడైతే ఇంట్లోనే ఉండిపోయేవాడు. పెద్దాయన ఇప్పుడు చుట్టుపక్కల ఎవరు మిషను కొంటామన్నా ముందు నన్ను ఎత్తి చూడమంటున్నాడు.

మీరూ కొనబోతుంటే, ట్యాంకు నింపించి చేతులు చాచి పట్టుకుని చూడండి. ఇంట్లో ఎవరు వాడతారో వాళ్ళ చేతికే ఇవ్వండి. చైను, ప్లగ్గు, బాగుచేసే మనిషి మీ ఊరికి దగ్గర్లో దొరుకుతాయో లేదో అడగండి. బేరమాడేటప్పుడు వంద తగ్గించమని అడిగే బదులు, ఇంకో చైను, గుండ్రటి ఆకురాయి, కళ్ళద్దాలు కలిపి ఇమ్మనండి.