కంప్యూటర్ ఇచ్చిన కారు

పేదరికాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలకు రెండు దారులున్నాయి. పేదల ఆదాయం పెంచడం ఒకటి. దానికి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది, ఈలోగా ఎన్నికలొచ్చి పడతాయి. రెండోది పేదల జాబితాను తగ్గించడం. దీనికి కంప్యూటర్ చాలు. మర్యాద కోసం దీన్ని సంక్షేమ సంస్కరణ అంటారు.

తెలంగాణలో ఈ పనిముట్టు పేరు సమగ్ర వేదిక. వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తిపన్ను వంటి రకరకాల శాఖల వివరాలను ఒకచోట పోసి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరు ఏ ఆస్తికి ఓనరో అది తేలుస్తుంది. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందస్తు నోటీసుల జోలికి ఎవరూ పోలేదు. బోగస్ కార్డులు లేవని కాదు, ఉన్నాయి, ఏరాల్సిందే. కానీ హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు కారున్న మరో ఆసామి పేరుకు దగ్గరగా ఉంది. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, కంప్యూటర్ ఆయనకు కారిచ్చింది, ఆఫీసు ఆయన బియ్యం ఆపింది.

సంస్కరణ జరిగిన సంగతి ఇంటావిడకు తెలిసేది రేషన్ షాపులోనే. సంచీ పట్టుకుని వరుసలో నిలబడితే, డీలరు మిషన్‌లో నంబరు కొట్టి “నీ కార్డు తీసేసిండ్రమ్మా, మీ సేవల అడుగు” అంటాడు. మీ సేవ వాళ్లు ఎమ్మార్వో ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడ “పైనుంచే పోయింది” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పైన ఉన్నదెవరో పరిపాలనా శాస్త్రం ఇంకా తేల్చలేదు. తిరిగిన రోజల్లా కూలి పోతుంది, బియ్యమేమో బయట కొనాలి. కార్డుతో పాటే ఆరోగ్యశ్రీ దారీ మూసుకుపోతుంది కాబట్టి, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే అప్పు కూడా మొదలవుతుంది.

అసలు చిక్కు రుజువు దగ్గర. కారుంటే ఆర్సీ చూపించవచ్చు. లేని కారుకు ఏ కాగితం చూపించాలి? తప్పు చేసింది యంత్రమైనా, దిద్దుకునే బాధ్యత మాత్రం పేరు కలిసిన పాపానికి పేదవాడి నెత్తిన పడుతుంది. నిజంగా కారున్నవాడికి ఈ బాధ లేదు. కార్డు పోయినా సూపర్‌మార్కెట్‌కు ఆ కార్లోనే వెళ్తాడు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డుల విషయంలో క్షేత్రస్థాయిలో విచారించమంది. ముందే చేయాల్సిన పనిని చివర్లో చేయడం మన సంస్కరణల ఆనవాయితీ. దాదాపు 4.9 లక్షల దరఖాస్తులొచ్చాయి. ఆ జులై నాటికి 2 లక్షల పైచిలుకు పరిశీలిస్తే, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని, అంటే పేదలేనని అధికారికంగా తేలింది. అన్నేళ్లూ పస్తులున్నది మాత్రం అనధికారికంగానే.

తర్వాత బియ్యం నాణ్యత మీద దృష్టి పడింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి 6 కిలోలు, కార్డున్నవాళ్లకు.