మాస్టారి మాట

పట్టిసీమలో ఆ మాస్టారి మాటంటే మాటే. హెడ్మాస్టరుగా రిటైరై ఏళ్ళయినా, పొలం తగాదా వస్తే ముందు ఆయన అరుగు ఎక్కుతారు.

ఆయనకి మొలలు. దొడ్డికెళ్తే రక్తం. ఏడాదిగా ఇంట్లో చెప్పకుండా డెట్టాలు నీళ్ళతో కడుక్కుంటున్నారు. ప్రభుత్వాసుపత్రికి వెళ్దామంటే, డాక్టరమ్మ ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్ల. దాని ముందు పంచె విప్పడమా!

కొవ్వూరు దారిలో ‘కోత లేదు, కుట్టు లేదు’ అన్న బోర్డు చూసి, చీకటి పడ్డాక వెళ్ళారు. ఆ వైద్యుడు పేరులేని సీసాలోంచి మందు లాగి పొడిచాడు. సూది కొత్తదో పాతదో మాస్టారు అడగలేదు. లెక్కలో ఒక్క మెట్టు వదిలేస్తే పిల్లల్ని గోడకుర్చీ వేయించిన మనిషి! ‘రికార్డు కోసమండీ, కాస్త నవ్వండి’ అంటే నవ్వి ఫోటో కూడా దిగారు.

రెండు రోజులు రక్తం లేదు. మూడోరోజు చలిజ్వరం, కూర్చోనివ్వని నొప్పి. మూత్రం బిగిసింది. రాజమండ్రిలో సర్జను చూసీ చూడగానే చేర్చుకున్నాడు.

“మొలలకి చీము పట్టడం అరుదండి. అక్కడ రక్తప్రసరణ ఎక్కువ, ఒళ్ళు తట్టుకుంటుంది. ఇది ఆ సూది చేసిన పని. ఫినాలు కలిపిన నూనె కొలిచి ఎక్కించే వైద్యం మాకూ ఉంది, వాడు ఎక్కించిందేంటో వాడికే తెలీదు. పైగా మీకు షుగరు. జ్వరం, నొప్పి, మూత్రం ఆగడం కలిసొస్తే తెల్లారేదాకా ఆగకూడదు. అసలు రక్తం మొలలదేనని తేల్చిందెవరు? పెద్దపేగు క్యాన్సరుకీ అలాగే పడుతుంది. తగ్గాక గొట్టం వేసి చూద్దాం.”

నర్సమ్మ మిగతాది చెప్పింది. బేసినులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి, రోజుకి రెండుమూడుసార్లు. డెట్టాలు వద్దు, పసుపు వద్దు. మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. ఆకుకూరలు తినాలి, నీళ్ళు తాగాలి, ముక్కకూడదు.

చుట్టాలకి మాత్రం ‘షుగరు పెరిగింది’ అన్నారు.

శివరాత్రినాడు అల్లుడి ఫోను.

“మావయ్యగారూ, వీరభద్రుడి దర్శనానికొచ్చామండి. రేవులో ఇసకేస్తే రాలని జనం. లాంచీ దగ్గర మీ ఫ్లెక్సీ చూశానండి!”

“నా ఫ్లెక్సీ ఏంటి బాబూ?”

“నిలువెత్తు బొమ్మండి, నవ్వుతూ. ‘నా మొలలు మాయం చేసిన దేవుడు’ అని. కింద మీ పేరు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అని కూడా.”

మాస్టారికి నోట మాట రాలేదు.

“చెప్పుకోలేక నేనూ ఇదే బాధ పడుతున్నానండి. ఇంకెవరి బొమ్మయినా నమ్మేవాణ్ణి కాదు. మీ అమ్మాయిని లాంచీ ఎక్కించేసి, ఆ పక్క డేరాలోనే ఇప్పుడే ఇంజక్షను చేయించేసుకున్నానండి!”