విస్తరణ ప్రాప్తిరస్తు

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో మురుగుశుద్ధి ప్లాంటుకు ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే: విస్తరణ. వాసన వస్తోందా? కెపాసిటీ చాలట్లేదు. నురగ పొంగుతోందా? కెపాసిటీ చాలట్లేదు. ఆపరేటరు ఫోనెత్తట్లేదా? అదీ కెపాసిటీ లోపమే. ఆడలేక మద్దెల ఓడన్నది పాత సామెత. ఆ మద్దెలకు రెట్టింపు సైజులో టెండరు పిలిచిన ఘనత మాత్రం మన అసోసియేషన్లదే.

ఒక లెక్క వేద్దాం. రెండొందల ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు. కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం మహానగరాల్లో మనిషికి రోజుకు 150 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు. అంతా కలిపితే రోజుకు 96 వేల లీటర్లు. బిల్డరు కట్టి ఇచ్చింది లక్ష లీటర్ల ప్లాంటు. మరి చాలనిదేమిటి? గాలి.

మురుగును శుద్ధి చేసేది సిమెంటు తొట్లు కాదు, వాటిలోని సూక్ష్మజీవులు. వాటికి మురుగే భోజనం, ఆక్సిజనే ప్రాణం. ఆ గాలిని పంపే బ్లోయరు ప్లాంటు కరెంటులో పెద్ద వాటా మింగుతుంది. అందుకే ట్రెజరరు గారు రాత్రి పదయ్యేసరికి దాన్ని కట్టేయిస్తారు. సూక్ష్మజీవులు కూడా నిద్రపోతాయని ఆయన నమ్మకం. అవి పోయే మాట నిజమే, నిద్ర మాత్రం కాదు. తెల్లారేసరికి సెల్లారంతా కుళ్లిన గుడ్ల కంపు. ఆ ఆదివారమే జనరల్ బాడీ మీటింగు.

"సార్, డిఫ్యూజర్లు పూడుకుపోయాయి, మార్పించాలి" అంటాడు ఆపరేటరు. పగలు లిఫ్టులు, సాయంత్రం జనరేటరు, సందు దొరికితే ప్లాంటు చూసుకునే కుర్రాడు. అతని మాటెవరు వింటారు? పైగా డిఫ్యూజరు నీళ్లడుగున ఉండి గాలిని బుడగలుగా వదిలే వస్తువు, దానికి రిబ్బను కట్టి ఫొటో దిగలేం. అదే కన్సల్టెంటు గారు లేచి, "ఎంబీబీఆర్ పద్ధతి పాతబడిందండీ, పొరలతో వడగట్టే ఎంబీఆర్‌కు మారి రెండు లక్షల లీటర్లకు పెంచేద్దాం" అనగానే చప్పట్లు. ఎంబీఆర్‌లో పొరలు మూసుకుపోకుండా అదనంగా గాలి పంపాలన్న సంగతి ఎవరూ అడగరు, ఆయనా చెప్పరు. ట్రెజరరు గారికి మాత్రం సంతోషమే: బ్లోయరు ఎంత పెద్దదైతే, కట్టేసినప్పుడు అంత ఆదా.

"పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ప్లాంటు పొంగుతోంది కదా" అంటారు కొందరు. ఆ తాకిడిని ఆపుకుని రోజంతా సమంగా వదలడానికే ఈక్వలైజేషన్ ట్యాంకు ఉంది. ఏళ్ల తరబడి తీయని బురద అందులో సగం ఆక్రమించింది. బురద తీయిస్తే చోటు వస్తుంది. అయితే అది విస్తరణ అనిపించుకోదు, శుభ్రం చేయడం అనిపించుకుంటుంది. శుభ్రం చేసినందుకు శిలాఫలకం వేయరు కదా! ఒకవేళ తీయించినా, కొత్త ప్లాంటుకు లక్షలు రాసే చేతులు ట్యాంకులోకి దిగే మనిషి కోసం గ్యాస్ మీటరు కొనడానికి వణుకుతాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మాత్రం ఏ మీటింగు అజెండాకూ ఎక్కదు.

దేశానికి ప్లాంట్లు చాలవన్నది నిజం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్కల్లో పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. అంటే కట్టినదాంట్లోనే మూడో వంతుకు పైగా ఊరికే పడి ఉంది. మన సెల్లారు ఈ జాతీయ సంప్రదాయాన్ని భక్తితో పాటిస్తోంది.

కాబట్టి చెయ్యెత్తే ముందు మూడు కాగితాలు అడగండి: ఇన్‌లెట్ మీటరు రీడింగులు, బ్లోయరు నడిచిన గంటలు, బురద తీసిన తేదీలు. మీటరు లక్ష దాటి, బ్లోయరు ఆగకుండా తిరిగి, బురద వేళకు తీసినా నీళ్లు బాగుపడకపోతే తప్పక పెంచండి, నా వాటా చెక్కు ముందే రాస్తాను. కాగితాలే లేకపోతే మాత్రం తొందరపడకండి. రెండు లక్షల లీటర్ల ప్లాంటును కట్టేయడానికీ పాత స్విచ్చే చాలు, దానికి విస్తరణ అక్కర్లేదు.