ఎవరికీ తెలియని చోటు

నాకో జబ్బుంది. నలుగురూ వెళ్ళే ఊరి పేరు వినబడితే చాలు, ముఖం అదోలా పెడతాను. ఊటీ, అరకు, గోవా అని ఎవరైనా అనగానే 'పాపం' అన్నట్టు ఒక నవ్వు నవ్వుతాను. ఆ నవ్వు మొదట చూసింది మా ఆవిడ. పెళ్ళయిన కొత్తలో ఊటీ తీసుకెళ్ళమని నోరు తెరిచి అడిగింది పాపం.

"పోనీ మీకు నచ్చిన చోటే చెప్పండి" అంటే తుర్క్‌మెనిస్తాన్ అన్నాను. అక్కడ కారకూమ్ ఎడారిలో దర్వాజా అనే చోట డెబ్బై మీటర్ల వెడల్పు గొయ్యి ఉంది, భూమిలోంచి గ్యాసు వస్తూ ఉంటుంది, దశాబ్దాలుగా ఆ మంట ఆరలేదు అని ఊదరగొట్టాను. "మంట చూడ్డానికి అంత దూరమెందుకు, వంటింట్లోకి రండి" అంది. చివరికి తుర్క్‌మెనిస్తానూ లేదు, ఊటీ లేదు. నా పాస్‌పోర్టు మీద ఇప్పటికీ ఒక్క ముద్ర పడలేదు. నా ప్రపంచయాత్రంతా పత్రికల్లో, ఆ తర్వాత ఫోన్లో సాగింది. అయినా హోటల్ బెంచీ మీద కూర్చుంటే చాయ్ చల్లారేదాకా యెమెన్ వాళ్ళ సొకోత్రా దీవి సంగతులు చెబుతాను. అక్కడి చెట్లు గొడుగులు విప్పినట్టుంటాయి, గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. చూసొచ్చినవాడు కూడా అంత ధీమాగా చెప్పడు.

ఇన్ని చెప్పే నేను, మీదే ఊరని ఎవరైనా అడిగితే 'జనగామ' అనేవాణ్ణి. కొడకండ్ల అంటే అదెక్కడ అంటారు, మళ్ళీ దారి చెప్పాలి. 2020 అక్టోబరు 31న రాష్ట్రంలో మొదటి రైతువేదికను ముఖ్యమంత్రి మా ఊళ్ళోనే ప్రారంభించాడు. ఆ రోజు ఏ టీవీ పెట్టినా కొడకండ్లే. హైదరాబాదు చుట్టాలు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూస్తామన్నారు. "మా ఊళ్ళో ఏముంది చూడ్డానికి?" అన్నాను. ఎవరికీ తెలియని ఊళ్ళంటే పడిచచ్చేవాణ్ణే, నా ఊరు ఎవరికీ తెలియదంటే మాత్రం సిగ్గు.

మా అత్తగారిది కొత్తగూడెం. ఆ దారి తెలిసినవాళ్ళకు దోర్నకల్ జంక్షన్ తెలుసు. బండి మారాలి, లేదంటే ఇంజను మారేదాకా కూర్చోవాలి. ఎన్నేళ్ళు ఆ ప్లాట్‌ఫాం మీద కూర్చుని చాయ్‌లో చక్కెర ఎక్కువైందని గొణిగానో. అలా కూర్చుని ఒకసారి నార్వేలోని ఉర్నెస్ చర్చి గురించి చదివాను. పన్నెండో శతాబ్దపు చెక్క కట్టడం. దాని ఉత్తరపు వాకిలి చుట్టూ ఒకదాన్నొకటి పెనవేసుకున్న జంతువులు, పాములు చెక్కి ఉంటాయి. పాత నమ్మకాల బొమ్మలు కొత్త మతం గడపకు ఎక్కాయి, ఎంత గొప్ప సంగతి అని పక్కనున్న మా బావమరిదికి రైలొచ్చేదాకా వివరించాను. అతను ఓపిగ్గా విని, "బావా, స్టేషన్ బయట గూడా అసొంటిదే ఉన్నది గదా" అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఏదో మామూలు చర్చి అయ్యుంటుంది, ఊరూరా ఉండేదే అనుకున్నాను.

అది చూడ్డానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చూశాక మాట రాలేదు. గుడి మంటపంలో నిలబెట్టినట్టు రాతి స్తంభాలు, పైన మసీదును తలపించే గుమ్మటాలు, మీనార్లు, లోపల శిలువ. కట్టించింది వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి వైపు తమిళుడు. ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, మనవాళ్ళ మధ్యే ఉండిపోయాడు. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ దేశంలో దేవుణ్ణి కొలిచే ఇల్లు ఈ దేశం ఇంటిలాగే ఉండాలన్నది ఆయన పట్టుదల. పని ఏళ్ళ తరబడి సాగి 1939లో తలుపులు తెరిచారు. నార్వే వాకిలి మీద పాముల్ని లెక్కపెట్టిన నాకు, చాయ్ కొట్టు అవతల ఉన్న గుమ్మటం కనబడలేదు. బావమరిదికి ఇంతవరకూ ఈ సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటుంది. నా దగ్గరొక నోటుబుక్కుండేది, అందులో ఎవరికీ తెలియని చోట్ల జాబితా. రామప్ప గుడి కూడా ఉండేది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, నీళ్ళలో తేలే ఇటుకల శిఖరం. 2021 జులైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. ఊరూవాడా సంబరపడుతుంటే నేను నోటుబుక్కు తీసి రామప్ప పేరు కొట్టేశాను! ఇక అందరికీ తెలిసిపోయింది, నాకెందుకని.

కొట్టేసిన చోట కొత్త పేరు రాయాలి. భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు బయల్దేరాను. ఆదిమానవుల బొమ్మలున్న రాళ్ళు అవి. ఆ బొమ్మల సంగతి 1990లో లోకానికి తెలిసింది. అంటే నేను కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. అయినా కొత్త బూట్లు కొన్నాను, టోపీ కొన్నాను. నీళ్ళసీసా ఇంట్లో మరిచాను.

పొరలు పొరలుగా పైకి లేచిన ఎర్రటి ఇసుకరాయి. ఓ చోట గోడ ముందుకు ఒరిగి చూరులా నిలబడింది. దాని కింద దూరి తల పైకెత్తితే, వానా ఎండా తగలని చోట ఎర్రరంగు జంతువొకటి. వీపు వంపు ఒకే గీత. చెయ్యి ఆగకుండా లాగిన గీత, దిద్దిన జాడ లేదు. కొమ్ముల దగ్గర రంగు చిక్కగా, కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రాతిలో కలిసిపోయి ఉంది. ఆ ఒక్క నిమిషం నేను మంచి మనిషినే. మరు నిమిషం ఫోన్ తీసి 'ఎవరికీ తెలియని చోట నేను' అని టైపు చేశాను. సిగ్నల్ లేక ఆ మెసేజి పోలేదు, నా అదృష్టం.

గుట్ట దిగుతుంటే గొర్లు కాసే తాత ఎదురయ్యాడు. నీళ్ళడిగి తాగాను. తాగి ఊరుకోవచ్చుగా?

"తాతా, ఈ జాగ ఎవలకు తెల్వది గదా?"

"ఎవలకు తెల్వది సారూ? మా గొర్లకు గూడ తెల్సు."

ఏ గుహలో తేనెతుట్టెలుంటాయో, ఎండాకాలం ఏ రాతి సందున నీళ్ళు నిలుస్తాయో, గొంతెమ్మ గుహకు దారెటో అన్నీ చెప్పాడు. గొంతెమ్మంటే కుంతీదేవి. ఆ తల్లి నిన్న మొన్నే అక్కడ కాపురం ఉండి పోయినంత చనువుగా చెప్పాడు. నోటుబుక్కులో ఏం రాసుకోవాలో తోచలేదు.

ఇక మా వాడకట్టు మామ సంగతి. వయసులో ఉండగా గుంట మగ్గం వదిలి మహారాష్ట్రలోని భీవండి పోయాడు, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. మోకాళ్ళు అరిగాక తిరిగొచ్చాడు. కొడుకులు అక్కడే ఉన్నారు. సాంచాల చప్పుడుకు చెవులు మందగించాయి. ఆయనకు ట్రిస్టన్ డ కున్హా గురించి చెప్పాలంటే వాడకట్టంతా వినేలా అరవాలి. అరిచాను. అట్లాంటిక్ సముద్రం నడుమ దీవి మామా, విమానం దిగదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం పడుతుంది, జనం మూడొందలు గూడా లేరు!

"ఆడ ఏం పని జేస్తరు?"

"సముద్రంల పెద్ద రొయ్యలు పడతారు. ఆలుగడ్డ పండిస్తారు. తపాలా బిళ్ళలు అమ్ముతారు."

"కైకిలి ఎంతిస్తరు?"

అది నేను చదవలేదు. అగ్నిపర్వతం వైపు తిప్పాను. 1961లో పేలితే ఊరందర్నీ ఓడల్లో ఇంగ్లండు తరలించారన్నాను.

"మళ్ళ ఒచ్చిన్రా?"

"ఆఁ, 1963లో దాదాపు అందరూ. ఇంగ్లండులో కొలువులున్నా కాదని, ఓటేసుకుని మరీ వచ్చారు."

"అందరొక్కసారే ఒచ్చిన్రు సూడు" అన్నాడు మామ. "మేం ఒక్కొక్కలం పోయినం, ఒక్కొక్కలమే ఒస్తున్నం."

ఆ మాట నాకు ఎక్కలేదు. లావా గురించి ఒక్క ప్రశ్నయినా అడగలేదే అని నా బాధ. చేతికందిన యాత్రికుణ్ణి పక్కన పెట్టుకుని ఓడలు ఎన్ని రోజులు పడతాయో లెక్క చెప్పాను.

"అల్లుడా, ఎవ్వలు సూడని ఊర్లు గావాలంటవు గదా" అన్నాడు లేస్తూ. "బతుకమ్మకు నా ఎంబడి భీవండి రా. పద్మానగరంత మనోళ్ళే. తెలుగు బడులున్నయి. సాంచాలు బందువెట్టి ఆడోళ్ళు బతుకమ్మ ఆడుతుంటే సూడాలె. నువ్వు సదివే పుస్తకాలల్ల గది ఉండది."

"ఆడ చూడనీకి ఏముంది మామా?" అన్నాను.

ఆయనకు వినబడలేదేమోనని, మళ్ళీ గట్టిగా అన్నాను.