పదింటికే, అందరూ ఒకేసారి నొక్కండి

గుంటూరు మిర్చి యార్డుకు ఒక పాత చాదస్తం ఉంది. సీజన్లో రోజుకు లక్ష దాటి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. అమ్ముడుపోని సరుకు షెడ్లు నిండి దారుల్లో పేరుకుందంటే, రెండ్రోజులు సెలవిచ్చేసి, కొత్త సరుకు తేవద్దని రైతులకు కబురు పెడతారు. లోపలున్నది కాటా అయి బయటికి పోయాకే మళ్ళీ గేటు. వచ్చేవాళ్ళు ఎక్కువైతే గేటు వేసే ఈ జబ్బే సర్వర్లకూ పట్టుకుంది. కుదర్చడానికి నా దగ్గర చిట్కాలున్నాయి.

మొదట ఫోను పట్టుకునేవాళ్ళకు. 2025 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలన్నా కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ కావాలి కదా, మన బతుకే స్లాట్ల బతుకైపోయింది. ఏ స్లాటైనా సరే, పదింటికి తెరుస్తారంటే పదింటికే నొక్కాలి. పదీ ఏడుకు నొక్కేవాడు చేతగానివాడు. ఒక్క ఫోను చాలదు. కోడలిదీ, పాలేరుదీ, ఆఖరికి పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళదీ లాక్కోండి.

మా బాబాయి ఒకసారి స్లాట్ కోసం, ఏ సైట్లో అన్నది ఎందుకులెండి, ఓటీపీ రాలేదని మళ్ళీ పంపమన్నాడు. పది సెకన్లు కాకుండానే మళ్ళీ. కాసేపటికి మూడూ వరసగా దిగాయి. మొదటిది కొట్టాడు, తప్పంది. కొత్తది అడిగిన క్షణానే పాతది చెల్లకుండా పోయిందని ఆయనకెవరు చెప్పారు? "ఏరా, ఇది ఆరా తొమ్మిదా?" అని నన్నడిగి, కళ్ళజోడు పంచెతో తుడుచుకుని, ఇంకోటి పంపమన్నాడు. అయిదోదాని తర్వాత, రేపు ప్రయత్నించమంది. ఇందులో తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అయిదుతో ఆపకూడదు.

ఇక ప్రోగ్రాములు రాసే పిల్లలకు. సర్వర్ 429 అని జవాబిస్తే 'మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు' అని అర్థం. ఈ అంకెను 2012లో ప్రమాణాల్లో చేర్చారు. దాంతోపాటు 'రిట్రై ఆఫ్టర్' అని, ఇన్ని సెకన్లాగి రమ్మని చీటీ కూడా రావచ్చు. చదవకండి. కమీషన్ కొట్టు గుమాస్తా డబ్బులకు ఎల్లుండి రమ్మంటే నమ్ముతున్నామా? (తేడా ఒక్కటే, సర్వర్ చెప్పిన వేళకు వెళ్తే చాలాసార్లు పనవుతుంది.)

ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని ఎడం పెంచుకుంటూ పొమ్మనేవాళ్ళున్నారు. అందులోనూ కాస్త లాటరీ కలిపి, ఒకడు మూడున్నరకూ ఇంకొకడు నాలుగుంబావుకూ వెళ్ళేలా చెయ్యమంటారు. లేకపోతే అందరూ కలిసి ఆగి, అందరూ కలిసే మళ్ళీ వచ్చి గుద్దుకుంటారట. గుద్దుకోనివ్వండి. త్రిపురాంతకం లారీలూ సత్తెనపల్లి ట్రాక్టర్లూ ఒక్క నిమిషంలో ఒకే గేటులో దూరుతుంటే ఎంత కళ!

నేను చెప్పడమే కాదు, చేసినవాణ్ణి. తేజ రకం మిర్చి ధర చూడ్డానికి ఒక సైటును సెకనుకోసారి అడిగే స్క్రిప్టు రాశాను. రోజుకు 86,400 సార్లు. యార్డులో వేలం లేని ఆదివారం కూడా శ్రద్ధగా అడిగింది. మూడో రోజు ఆ సైటు మా ఇంటి కనెక్షన్‌కు తలుపేసింది. ఆ వారమంతా ధర మా అమ్మ పక్కింట్లో కనుక్కుని చెప్పింది.

ఇలా ఆగకుండా అడగడం కొత్తేమీ కాదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు. చీటీ రాసి కుర్రాడి చేత పంపినా ముందే చేరేది. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ యంత్రాలు పంపిందే మళ్ళీ పంపాయి, దారంతా నకళ్ళతో నిండింది. దారి ఇరుకైతే పంపేవాడే తగ్గాలని నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో రాస్తే ప్రపంచం ఒప్పుకుంది. పత్తి ట్రాక్టరుతో జిన్నింగ్ మిల్లు ముందు నిలబడి ఉంటే ఆయన అలా రాసేవాడా!

సర్వర్ నడిపే దొరలకు ఒకే మాట. హద్దు పెట్టక తప్పకపోతే ఐపీ చిరునామాను బట్టి పెట్టండి. ఫోను కంపెనీలు ఒకే బయటి చిరునామా వెనక బోలెడంతమందిని కూర్చోబెడతాయి గనక, పర్చూరు చుట్టుపక్కల ఫోన్లన్నీ మీకు ఒక్క మనిషిలా కనబడొచ్చు. ఆ మనిషికి ఆశ మరీ ఎక్కువని తలుపేయండి. ఏసీ గదిలో వంద చిరునామాలు అద్దెకు తీసుకుని స్క్రిప్టు నడిపేవాడు వందమంది మర్యాదస్తుల్లా కనబడతాడు. ఆయనకు కుర్చీ వేయండి.

టోకెన్ల పద్ధతి మాత్రం వద్దు. డబ్బాలో సెకనుకు పది టోకెన్లు పడతాయి, వంద నిండితే మిగతావి పొర్లిపోతాయి, అడిగిన ప్రతిసారీ ఒకటి ఖర్చు. ఊరుకున్నవాడికి ఒకేసారి వంద అడిగే వీలుంటుంది, ఊరుకోనివాడికి సెకనుకు పదే. ఇంత న్యాయం మనకు అరగదు.

బాబాయికి చివరికి స్లాట్ దొరికింది. మధ్యాహ్నం రెండున్నరకు, గోంగూరన్నం తింటూ, ఎడంచేత్తో, ఒక్కసారే నొక్కితే. అది కాకతాళీయం. మీరు పదింటికే నొక్కండి.