నిర్మాల్యం డ్యూటీ

న్యూజెర్సీలో తెలుగువాడి పెరటికి రూలు ఒకటే: కూరలోకి పనికొచ్చేదే పెంచాలి. ఎండలు మొదలయ్యాయంటే ఏ ఇంటి వెనక చూసినా గోంగూర, సొరపాదు, తోటకూర, చలికాలమంతా హాల్లో దాక్కుని బయటికొచ్చిన కరివేపాకు కుండీ. నేనొక్కణ్ణే డేలిల్లీలు పెంచుతాను. మావాళ్ళ దృష్టిలో అది ఉద్యోగం ఊడినవాడు చేసే పని.

చైనా, జపాన్ వైపు నుంచి వచ్చిన మొక్క ఇది. నీళ్ళు పోసినా మానినా బతుకుతుంది. రోడ్ల పక్కన గుంటల్లో కనబడే నారింజ రంగుదానికైతే గింజ కూడా పట్టదు. అయినా వేళ్ళతోనే పాకి ఊళ్ళకు ఊళ్ళు ఆక్రమించింది. వీసా, గ్రీన్‌కార్డు గొడవ లేకుండా ఇంత హాయిగా స్థిరపడిన ఆసియావాసిని ఇంకొకరిని చూడలేదు నేను.

పువ్వు ఆయుష్షు మాత్రం ఒక్క రోజే. పొద్దున విచ్చుకుని రాత్రికి ముడుచుకుంటుంది. మర్నాటికి తడిసిన టిష్యూ కాగితంలా కాడకు వేలాడుతుంది. ఒక్కో కాడకు బోలెడు మొగ్గలుంటాయి కాబట్టి రోజుకొకటో రెండో విచ్చుకుంటూ వారాల తరబడి పూస్తుంది. వాడినవాటిని ఎప్పటికప్పుడు తుంచకపోతే అవి కొత్త పువ్వుకు అంటుకుని దాన్నీ పాడుచేస్తాయి. జులైలో ఆఫీసు మీటింగుకు ముందు నా పని ఇదే. ముదురెరుపు రకాలు తుంచితే వేళ్ళకు ఊదారంగు అంటుతుంది.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మ కొన్నాళ్ళు చూసి చూసి అంది: "ఏరా, పూజ ఎలాగూ చెయ్యవు. నిర్మాల్యం మాత్రం రోజూ తీస్తావు!"

ఆవిడ లెక్కలో అది పువ్వే కాదు. వాసన లేదు, మాల కట్టడానికి రాదు. "ఇంత సేవ చేసి దీన్ని ఎవరి నెత్తిన పెడతావురా?"

పేరులేని పువ్వు కాదమ్మా అన్నాను. అమెరికన్ డేలిల్లీ సొసైటీ దగ్గర లక్ష పైచిలుకు రకాలు నమోదయ్యాయి. పార్కింగు లాట్లలో కనబడే పొట్టి పసుపుపచ్చది 'స్టెల్లా డి ఓరో', 1975లో ఇండియానా ఆయన వాల్టర్ జబ్లోన్‌స్కీ లోకానికిచ్చింది. 'పార్డన్ మీ' అని ఒకటి, 'ప్రైమల్ స్క్రీమ్' అని ఒకటి. కొత్తది పుట్టించడం కూడా బ్రహ్మవిద్యేం కాదు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వు కీలాగ్రానికి రాసి, గింజ కట్టాక నాటి, రెండు మూడేళ్ళు ఓపిక పట్టడమే. పసుపు మీద ఎర్రచారలతో ఒకటి పుట్టించి 'పులిహోర' అని నమోదు చేయించాలని నా ఆశ.

ఈలోగా జింకలు. వాటికి డేలిల్లీ మొగ్గలంటే పంచప్రాణాలు. రేపు విచ్చుకుంటుందనుకున్న 'ప్రైమల్ స్క్రీమ్'ని రాత్రికి రాత్రి మేసేశాయి. పొద్దున ఆ కేకేదో నేనే వేశాను. కుళ్ళిన కోడిగుడ్ల మందు తెచ్చి చుట్టూ కొట్టాను. "జింకల సంగతేమో గానీ, మనింటికి చుట్టాలు రావడం మానేశారండీ" అంది మా ఆవిడ.

మూడు నాలుగేళ్ళకోసారి దుబ్బు విడదీయకపోతే పూత తగ్గిపోతుంది. అందుకని సెప్టెంబరులో వాట్సాప్ గ్రూపులో "పిలకలు ఉచితం" అని పెడతాను. గ్రూపు మొత్తానికి ఒక్కసారిగా సిగ్నల్ పోతుంది. అదే కరివేపాకు పిలక అనండి, రాత్రి పదింటికి కూడా కారేసుకొస్తారు.

పక్కింటి చైనా ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా కంచె దగ్గర ఏం మాట్లాడుకున్నారో, విచ్చని మొగ్గలు వాళ్ళు ఎండబెట్టి సూపులో వేసుకుంటారన్న సంగతి అమ్మకు తెలిసిపోయింది. అందులో అబద్ధమేం లేదు. (అసలు లిల్లీల జోలికి మాత్రం పోకండి, అవి వేరు.) ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెరట్లో కాడలు బోసిగా ఉన్నాయి, వంటింట్లో పోపు చిటపటలాడుతోంది. శనగపిండి, వెల్లుల్లికారం వేసి వేపుడు. రుచి గురించి అబద్ధం చెప్పలేను, రెండుసార్లు వడ్డించుకున్నాను.

వేపుడు ఫొటో గ్రూపులో పెట్టింది ఎవరో నేను అడగలేదు. రాత్రే ఫోన్లు మొదలయ్యాయి.

"అన్నా, పిలకలు ఇంకా ఉన్నాయా? మాకో నాలుగు ఉంచండి. అవునూ, పువ్వు విచ్చుకుంటే ఇక దండగేనటగా?"