బామ్మర్ది కొలిమిపై ఆడిట్ అభ్యంతరాలు

ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు లేనిదే పైసా కదలనిచ్చిన పాపాన పోలేదు. అటువంటి నా ఇంటి పెరట్లో, నా నూనెతో, నా కరెంటుతో, ఏ మంజూరు ఉత్తర్వూ లేకుండా ఒక కమ్మరి కొలిమి నడుస్తున్నదని లోకానికి విన్నవించుకోవడం నా విధిగా భావిస్తున్నాను.

నిందితుడు నా భార్యకు స్వయానా తమ్ముడు. కంప్యూటర్ ఉద్యోగం. ఇంటినుంచే పని గనక మా మేడ మీది గదిలో దిగాడు. పగలు కీబోర్డు కొడతాడు, సాయంత్రం ఇనుము కొడతాడు. మొదటిదానికి జీతమైనా వస్తుంది. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావయ్యా అని అడిగితే "నాకు నేనే బావా!" అంటాడు, ఛాతీ కాస్త ముందుకు పెట్టి. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు పెద్దలు. ఖర్చు సంగతి మాత్రం వాళ్ళు చెప్పలేదు. గురువున్నవాడు దక్షిణ ఒక్కసారి ఇచ్చి దణ్ణం పెట్టి వస్తాడు. గురువు లేనివాడు అదే దక్షిణను వాయిదాల మీద చెల్లిస్తాడు, అదీ బావ ఇంట్లోంచి. ఏ పద్దు కింద ఏం పోయిందో వరసగా చూపిస్తాను.

మొదటి పద్దు గాలి. కొలిమికి తిత్తి కావాలి. తిత్తి దొరకలేదని మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్‌ను ఇనుప గొట్టానికి బిగించాడు. బొగ్గులు భగ్గున రాజుకున్నాయి. అమ్మాయి మాత్రం స్నేహితురాలి పెళ్ళికి తడిజుట్టుతో వెళ్ళింది.

రెండో పద్దు ఇనుము. ముందు మా స్లాబులో మిగిలిన చువ్వను కాల్చి కొట్టాడు. ఆకారం ముచ్చటగా వచ్చింది గానీ టమాటా మీద పెడితే టమాటాయే నయమనిపించింది. ఆ చువ్వలో కర్బనం చాలదట, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదట. అప్పుడు లారీ కమాన్ పట్టీ తెచ్చాడు. అందులో నూటికి అరపాలు పైచిలుకు కర్బనం ఉంటుంది గనక పదును నిలుస్తుందని సెలవిచ్చాడు. దాగలి కోసం పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి రైలు పట్టా ముక్క మోసుకొచ్చాడు. "బిల్లేదీ?" అన్నాను. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకుంటే 1966 నాటి చట్టం ప్రకారం జైలు. ఆ ముక్క వేలంలో కొన్నదేనని కొట్టువాడు రాసిచ్చిన చీటీ చూసేదాకా దాన్ని గేటు దాటనివ్వలేదు.

మూడో పద్దు దైవసంబంధమైనది. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణుంచి ఇంకొంచెం వేడెక్కాక ముంచాలి. ఈ పరీక్షకు మా ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతాన్ని ఎత్తుకెళ్ళాడు. గోపురం సగం కరిగి తిరిగొచ్చింది. మా ఆవిడ లెంపలేసుకుంది, తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు.

నాలుగో పద్దు నూనె. కమాన్ పట్టీతో చేసిన తొలి కత్తిని సినిమాల్లో చూసినట్టు బకెట్ నీళ్ళలో ముంచాడు. సుయ్యిమంది, ఆవిరి లేచింది, అంతలోనే సన్నగా ‘టిక్’ అని వినబడింది. బయటికి తీస్తే అంచు నుంచి సగం మేర వెంట్రుకంత గీత. అలా పగిలినదాన్ని బాగుచేసే విద్య లేదట. ఆ పూట బామ్మర్ది అన్నం ముట్టలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు మా ఆవిడ టీవీ కూడా కట్టేసింది. కమాన్ ఉక్కు నీళ్ళ దూకుడుకు తట్టుకోదనీ, నూనెలోనే ముంచాలనీ మర్నాడు తేల్చాడు. అదీ చల్లటి నూనె పనికిరాదు. చల్లటిది చిక్కగా ఉంటుంది. అరవై డిగ్రీల దాకా కాచి పలచబరిస్తేనే కత్తి చుట్టూ చురుగ్గా కదిలి వేడిని లాగేస్తుందట. వేడి నూనెలో త్వరగా చల్లారే వస్తువును ఈ వయసులో చూశాను. ఆ నూనె నేను ఊరు నుంచి ఆడించి తెప్పించుకున్న గానుగ పల్లీ నూనె.

ఐదో పద్దు ఓవెన్. ముంచిన కత్తి గట్టిగానే ఉంటుంది గానీ పెళుసు, జారి బండ మీద పడితే ముక్కలవుతుంది. అందుకని రెండొందల డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు కాల్చి కాస్త మెత్తబరచాలి. పైన ఎండుగడ్డి రంగు తేలితే పని అయినట్టు. మా ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌లో ఇప్పుడు కత్తులు ఉడుకుతున్నాయి. మనవడి పుట్టినరోజు కేకు కోస్తే లారీ గ్యారేజీ వాసన వచ్చింది.

వీటన్నిటికీ మించి చట్టం సంగతి. తొమ్మిది అంగుళాల కన్నా పొడవు, లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తికి లైసెన్సు కావాలి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటికి మినహాయింపు. గడప దగ్గర స్కేలు పెట్టుకుని కూర్చుంటున్నాను. ప్రతి కత్తినీ కొలిచి, ఇది బెండకాయలు కోయడానికేనని కాగితం మీద సంతకం చేయించుకుంటున్నాను. ఫైలు లావెక్కింది. ఇంట్లో ఇంకా బెండకాయ కూర కాలేదు.

అడ్డుపడితే చరిత్ర చెబుతాడు. "మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం బావా! అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. మట్టి మూసల్లో కరిగించిన ముద్దలు కొనుక్కుపోయేవాళ్ళు. 1820 ప్రాంతంలో వాయ్సీ అనే దొర చూసి మరీ రాశాడు." చూశాడేమో, రాశాడేమో. కోనసముద్రం కమ్మరులు ఆ మూసలు వాళ్ళ బావల పెరట్లో పెట్టారని మాత్రం ఆ దొర రాసి ఉండడు.

చరిత్ర అయిపోతే అమెరికా. 1976లో బిల్ మొరాన్ అనే పెద్దాయన అక్కడ కత్తి కమ్మరులకు సంఘం పెట్టాడు. దానికో పరీక్ష ఉంది. వేలాడే అంగుళం మందం తాడు ఒక్క వేటుకు తెగాలి. మొద్దు చెక్కను రెండుసార్లు నరకాలి. ఆ తర్వాత కూడా అదే అంచు చేతి వెంట్రుకలు గొరగాలి. చివరికి వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. బామ్మర్ది ఇంట్లోనే సాధన మొదలుపెట్టాడు. తాడు మా బట్టలారేసుకునేది. చెక్క మా నాన్నగారి పట్టెమంచం కోడు. తన ఎడమచేతి మీద వెంట్రుక మిగల్లేదు, ఈమధ్య నా చేతి వంక చూస్తున్నాడు. ఇక ఆ వంచడమే నాకు మింగుడుపడని అంశం. అన్నాళ్ళు కష్టపడి చేసింది వంగితే వాడు పాసు, విరిగితే ఫెయిలు, రెండు విధాలా కత్తి తుక్కు. ఇటువంటి ఖర్చును ఏ పద్దులో రాయాలో మా శాఖ నాకు నేర్పలేదు.

విసిగిపోయి, ఊరవతల కొడవళ్ళు చేసే ముసలి కమ్మరి దగ్గరికి ఒక కత్తి పట్టుకుని వెళ్ళాను. ఆయనతో నాలుగు తిట్టించి ఈ పిచ్చి వదిలిద్దామని నా ఎత్తు. ఆయన రేకుల పందిరి కింద, నడి మధ్యాహ్నం కూడా మసక చీకటి. కత్తిని గోటితో టంగుమనిపించాడు. ఒక కన్ను మూసి అంచు పొడుగునా చూశాడు. బొటనవేలు అడ్డంగా రాశాడు.

"దెబ్బలు మంచిగనే పడ్డయి సారూ. గని ఎండల జేసిండు. ఎండల రంగెట్ల గనవడ్తది? ఇగో, గీడ ఎక్కువ గాలింది."

హెయిర్ డ్రయ్యర్, తిరుపతి గోపురం, గానుగ నూనె కలిసి చెప్పలేకపోయిన మాట అది. తర్వాత ఇంటికి వెళ్ళి అడిగితే నిజమే, ఆ పని ఎండ ఉండగానే జరిగిందట. పందిరి నీడకి ఒక్క పైసా ఖర్చు లేదు.

"ఎవలు నేర్పిండ్రు?" అన్నాడు ముసలాయన.

"ఎవరూ లేరు. అదే కదా బాధ."

"మా పోరగాండ్లకు నేర్పుతనన్నా వస్తలేరు. పట్నంల కొలువులు జేస్తున్నరు. ఐతారం పూట ఆ పిలగాన్ని తోలియ్యుండ్రి."

గురువు దొరికాడు, నా పెరడు విడుదలైందని లేచాను. ముసలాయన ఆపాడు. "సమ్మెట ఆయన గొడ్తడు. పంకా దిప్పెటందుకు ఇంకో మనిషి గావాలె. మీరు రిటైరే గద సారూ?"

రిటైరైన ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని నిబంధనలతో సహా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "పొద్దుగాల ఆరు గొట్టంగ రాండ్రి" అన్నాడు.